గాలికి వాలిన బెలూను

ఊరందరి చేతా నోళ్ళు తెరిపించే పళ్ళ డాక్టరమ్మ తన నోరు మాత్రం మూసుకోలేకపోయింది. పోయిన వారం మనం ఆమెను విడిచిపెట్టిన చోటు అదే. జిల్లా కౌన్సిల్ నిండు సభలో, మైకు ముందు నిలబడి, ఎవరూ అడగకుండానే మాటిచ్చేసింది.

"పొగగొట్టం మూతి గుట్టకన్నా కిందే ఉంటుంది, గుట్టే మీ కాలనీకి గోడ అంటున్నారు కదా? సరే. క్వారీలో అది కట్టబోయే చోట, అది ఎంత ఎత్తో అంత తాడు కట్టి ఒక బెలూను ఎగరేయండి. నా క్లినిక్ బాల్కనీ నుంచి బెలూను కనబడితే నా ఓటు వద్దని. కనబడకపోతే సరేనని. దీనికి తిరుగులేదు."

చెత్త కాల్చే ప్లాంటు కావాలన్నవాళ్ళు ముగ్గురు, వద్దన్నవాళ్ళు ముగ్గురు. ఏడో ఓటు ఆమెది. ఇటూ అటూ సమానమైతే తప్ప చైర్మన్‌కి ఓటు లేదు. అంటే గుట్ట కింది కాలనీ మొత్తం ఇకమీద ఏ గాలి పీల్చాలో తేల్చేది ఒక్క డాక్టరమ్మే. ఓటింగు రేపు ఉదయం.

బెలూను ఇవాళ.

డాక్టరమ్మ ఇల్లూ క్లినిక్కూ ఒకే కప్పు కింద. క్లినిక్ బాల్కనీలో కాలు పెట్టే చోటు లేదు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు, పీకించుకుని బుగ్గలో దూది కుక్కుకున్నవాళ్ళు, ఏ పన్నూ నొప్పి లేకుండా ఊరికే వచ్చినవాళ్ళు, అందరూ రెయిలింగ్‌కి అతుక్కుపోయి గుట్ట వైపే చూస్తున్నారు. కింద వీధిలో కాలనీ కాలనీ అంతా దిగింది. వాళ్ళ మధ్య రిటైరైన డ్రిల్లు మాస్టారు చేతి మైకు పట్టుకుని అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. ఉద్యోగం పోయినా గొంతు పోలేదు కాబట్టి ఆయన్ని అందరూ మైకు మాస్టారనే అంటారు.

"అందరూ అటే చూడండి! కళ్ళు పక్కకి తిప్పారో ఊరుకోను! గుట్ట నెత్తి మీద ఎర్రగా చుక్కంత కనబడినా సరే, అరవండి!"

చైర్మన్ వెయిటింగ్ హాల్లోంచి ఒక కుర్చీ బయటికి వేయించుకుని, కాలు మీద కాలు వేసుకుని, డాక్టరమ్మ ఇంటి కప్పులో డాక్టరమ్మ ఇంటి టీ తాగుతున్నాడు. ఆయన మాత్రం గుట్ట వైపు చూడటం లేదు. జనం మొహాలు చూస్తున్నాడు.

"ఏమే అమ్మాయ్," అంది అత్తయ్య మెడ రుద్దుకుంటూ. "ఆకాశంలోకి చూసి చూసి నా మెడ పట్టేసింది. కట్టకముందే ఇంత బాధ పెడుతోందంటే కట్టాక ఇంకెంత పెడుతుందో ఈ గొట్టం."

"మీరు లోపలికెళ్ళి కూర్చోండి అత్తయ్యా. కనబడితే పిలుస్తాను."

"కూర్చోవడం నీకు అలవాటు గానీ నాకెక్కడిదే?" అని ఆవిడ చైర్మన్ వైపు తిరిగింది. "పోయిన నెల మా వీధి దీపాల సంగతి వస్తే మీరు మా కోడల్ని సభలోంచి లేపి బయట బెంచీ మీద కూర్చోబెట్టారట. జనం ఓటెయ్యమని పంపిస్తే ఈవిడ బెంచీ అరగదీసి వచ్చింది."

"నియమం పెద్దమ్మగారూ," అన్నాడు చైర్మన్ ఎంతో వినయంగా. "ఇంటి పక్క సంగతి చర్చకొస్తే సభ్యులెవరైనా సరే లేచి వెళ్ళిపోవాల్సిందే. డాక్టర్ గారని కాదు, రేపు నా ఇంటి పక్కదైనా అంతే. ఇంకో కప్పు టీ దొరుకుతుందా?"

"దొరుకుతుంది. పంచదారే దొరకదు," అని అత్తయ్య వంటింటి వైపు వెళ్ళింది.

డాక్టరమ్మ జేబులో ఫోన్ మోగింది. క్వారీ నుంచి. "తాడు పూర్తిగా వదిలేశామండీ," అన్నాడు అవతల పనివాడు. వెనక గాలి హోరు. ఫోన్ కట్టయింది.

అందరూ చూశారు. గుట్ట ఉంది. గుట్ట మీద ఎండిన పొదలున్నాయి. పొదల మీద ఆకాశం ఉంది. అంతే.

ఎవరో పిల్లని ఎత్తుకున్నావిడ కింద వీధిలోంచి పైకి చూసి, "కనబడిందా డాక్టరమ్మా? మీకేమైనా కనబడుతోందా అక్కణ్ణించి?" అని అడిగింది. ఆ పిల్లకి ఉబ్బసం. పోయిన చలికాలంలో రెండుసార్లు ఆస్పత్రి పాలైంది. డాక్టరమ్మ గుట్ట మీదే చూపు నిలిపింది. చెప్పడానికి ఏముంది? కనబడకపోతే సరేనంటానని తనే కదా అన్నది.

"ఇంకాసేపు చూద్దాం!" అని మైకులో అరిచాడు మాస్టారు. ఆయన గొంతులో కూడా పస తగ్గింది.

చైర్మన్ కప్పు కింద పెట్టాడు. "డాక్టర్ గారూ, మాట మాటేగా?"

"మాటేనండీ."

"ఆఫీసు మూసేలోపు మీ నోటితో ఒక్క ముక్క చెబితే రికార్డు చేయించేస్తాను. కనబడిందో, లేదో. రేపు సభలో అదే మీ ఓటు. నిజానికి ఇది పొద్దున్నే అయిపోవాల్సింది. మీ అన్నగారికి నేను చెప్పానూ, సూర్యుడు ఎక్కకముందే ఎగరేసేయండి ఇంజినీరు గారూ అని. ఏదో వాల్వు లీకవుతోందని మధ్యాహ్నం దాకా సాగదీశాడు."

డాక్టరమ్మ తల ఊపింది. ఊపుతూనే ఆగిపోయింది.

బాల్కనీ పక్కన తీగ మీద ఉతికి ఆరేసిన తెల్ల గుడ్డలున్నాయి, రోగుల మెడకి కట్టేవి. వాటి నాడాలు కిందికి వేలాడటం లేదు. ఎవరో అవతలి కొసని పట్టుకుని లాగుతున్నట్టు అడ్డంగా సాగి ఉన్నాయి. తలుపు పైన క్లినిక్ బోర్డు గోడకి టపటపా కొట్టుకుంటోంది. పొద్దుట్నుంచీ మోగుతూనే ఉంది కాబట్టి ఎవరి చెవికీ ఎక్కలేదు.

పొద్దుట్నుంచీ కాదు. మధ్యాహ్నం నుంచి.

ఎప్పటిదో ఒక మేడ, దాని మీద ఇద్దరు పిల్లలు. తను దారం ఉండ మొత్తం వదిలేసి, నాదే అన్నింటికన్నా పైన అని ఎగిరి గంతులేస్తుంటే, అన్నయ్య నెత్తి మీద మొట్టాడు. "మొద్దూ, దారం ఎంత వదిలావో కాదు, ఎంత నిలబడిందో చూడు. గాలికి వాలిపోతే ఎంత వదిలినా గాలిపటం ఎదురింటి గోడ దాటదు."

ఆ సంగతి తనకి నేర్పినవాడు అన్నయ్య. వాడు ఇవాళ గాలి లేని పొద్దున్నని వదిలేసి, గాలి విరుచుకుపడే మధ్యాహ్నం దాకా ఆగాడు.

"సార్," అంది డాక్టరమ్మ. "రికార్డు చేయించే ముందు తాడు మొదలు ఎలా ఉందో ఒకసారి చూసి వస్తాను."

వద్దంటాడనుకుంది. అడ్డుపడతాడనుకుంది. చైర్మన్ చిరునవ్వు నవ్వాడు. "తప్పకుండా వెళ్ళి రండమ్మా. మీ అన్నగారేగా అక్కడున్నది. నేనిక్కడే ఉంటాను. పెద్దమ్మగారి టీ ఇంకా రాలేదు."

మెట్లు దిగుతున్నంతసేపూ ఆ నవ్వు ఆమె వీపుకి గుచ్చుకుంటూనే ఉంది.

*

గుట్ట చుట్టూ తిరిగి క్వారీకి వెళ్ళే దారి దారి కాదు, గుంతల వరస. కారు ఎగిరెగిరి పడుతుంటే స్టీరింగు మీద పిడికిళ్ళు బిగించి డాక్టరమ్మ మనసులోనే దెబ్బలాడుకుంటూ వెళ్ళింది. ఏం అడగాలి? ఎంతకి అమ్ముడుపోయావని అడగాలా? చిన్నప్పుడు తన బడిసంచి మోసిన మనిషిని, తన పెళ్ళిలో తనకన్నా ఎక్కువ ఏడ్చిన మనిషిని?

క్వారీలో రాళ్ళ మిల్లు మూతపడి చాలా కాలమైంది. బూడిద రంగు దుమ్ము గాలికి లేచి చుట్టలు చుట్టుకుంటోంది. మధ్యలో సిమెంటు దిమ్మ, దాని మీద తాడు చుట్టిన ఇనుప చక్రం, పక్కన ఇద్దరు పనివాళ్ళు, హెల్మెట్ పెట్టుకుని అన్నయ్య. తాడు చక్రం నుంచి పైకి వెళ్ళడం లేదు. పక్కకి వెళుతోంది. నిచ్చెన గోడకి ఆనించినట్టు ఏటవాలుగా సాగి, ఎక్కడో దూరంగా, గుట్ట నడుము దగ్గర, ఎర్ర బెలూను తాగినవాడిలా ఊగుతోంది.

కారు తలుపు వేయకుండానే దిగింది.

"ఏమిటన్నయ్యా ఇది?"

"నువ్వెందుకొచ్చావ్?" అతని మొహంలో ఆశ్చర్యం లేదు. విసుగుంది. దాని వెనక ఇంకేదో ఉంది. "హెల్మెట్ లేకుండా లోపలికి రాకూడదు."

"నా తల సంగతి తర్వాత. నీ తాడు సంగతి చెప్పు. ఇది నిలబడిందా, పడుకుందా?"

"తాడు కొలత సరిగ్గా ఉంది. కావాలంటే కొలిపించు."

"కొలత ఎవడడిగాడు? ఎత్తు అడుగుతున్నాను. నువ్వు నాకు నేర్పిన పాఠం నేనే మర్చిపోయేలా చేద్దామనుకున్నావా?"

పనివాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చూడటానికి మంచి రాళ్ళేమైనా ఉన్నాయేమోనని అవతలికి నడిచారు.

అన్నయ్య హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "చెల్లీ, ఇంటికి వెళ్ళు. కనబడలేదని చెప్పు. రేపు సరేనని ఓటెయ్యి. నన్నేమీ అడక్కు."

"వాల్వు నిజంగా లీకైందా?"

"లేదు."

అతను అంత సూటిగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. తెచ్చుకున్న కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "అంటే కావాలనే..."

"కావాలనే. గాలి కోసమే ఆగాను. కనబడకూడదనే ఎగరేశాను. చాలా?"

"ఆ కాలనీలో పిల్లలున్నారన్నయ్యా! ఊపిరాడని పిల్లలున్నారు. వాళ్ళ నోట్లో చెయ్యి పెట్టి పళ్ళు చూసేదాన్ని నేను. రేపట్నుంచి వాళ్ళ మొహాలు ఎలా చూడమంటావ్? ఎవరిచ్చారు నీకు ఈ సలహా, చైర్మనేనా?"

చైర్మన్ పేరు ఎత్తగానే అన్నయ్య నవ్వాడు. అందులో నవ్వు లేదు. "ఆయన పొద్దున్నే ఎగరేయమన్నాడు. అది గుర్తుపెట్టుకో."

"అయితే?"

"అయితే ఏమీ లేదు. బుర్ర ఉందిగా, ఆలోచించు. నేను నోరు విప్పకూడదు. రహస్యం బయటపెట్టనని సంతకం పెట్టాను." అతను పనివాళ్ళ వైపు చెయ్యెత్తాడు. "దింపేద్దాం రండ్రా! తాడు చుట్టండి!"

డాక్టరమ్మ ముందూ వెనకా చూసుకోలేదు. వెళ్ళి ఇనుప చక్రం పిడిని రెండు చేతులా పట్టుకుని దాని మీద ఒరిగిపోయింది. ఎంతటి మొండి దవడపన్నైనా ఆ చేతులకి లొంగాల్సిందే. వాటి పట్టు ఎలాంటిదో ఊళ్ళో సగం మందికి తెలుసు.

"చుట్టండి చూద్దాం. చుడితే నా వేళ్ళతో కలిపి చుట్టాలి."

"చెల్లీ, పిచ్చి వేషాలు వెయ్యకు!"

"పొద్దు వాలే ముందు గాలి పడిపోతుంది. రోజూ పడిపోతుంది. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను. నిలబడ్డాక కూడా కనబడకపోతే, నువ్వు చెప్పినట్టే చేస్తాను. నీ కాళ్ళకి దండం పెట్టి మరీ చేస్తాను."

"నిలబడితే కనబడుతుందే మొద్దూ! బెలూను సగం గుట్ట పైకి వస్తుంది. నాకు తెలుసు కాబట్టే కదా..." అతను మాట మింగేశాడు. వచ్చి ఆమె భుజం పట్టుకుని లాగబోయాడు. లాగలేకపోయాడు. బలం చాలక కాదు. చిన్నప్పట్నుంచీ ఈ చెల్లెలి మీద చెయ్యి ఎత్తితే ఆ చెయ్యి సగంలోనే మెత్తబడిపోతుంది.

"నీ మేలు కోసమే చెబుతున్నాను," అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా. "ఒక్కసారి, ఈ ఒక్కసారి, ఎందుకని అడక్కుండా నా మాట విను."

"ఎందుకని అడగమనే జనం నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు."

అతను దిమ్మ మీద కూర్చుని హెల్మెట్‌ని ఒళ్ళో అటూ ఇటూ తిప్పసాగాడు. మాటిమాటికీ చూపు గుట్ట అవతలి వైపుకి, కాలనీ ఉన్న వైపుకి పోతోంది. బెలూను ఇక్కడుంటే వీడు అటెందుకు చూస్తున్నాడు, అనుకుంది డాక్టరమ్మ. అనుకుందే గానీ అడగలేదు. అడిగినా ఈ మనిషి చెప్పేలా లేడు.

ఎండ పచ్చబడింది. దుమ్ము చుట్టలు ఒక్కొక్కటే కూలబడ్డాయి. ముందు రేకుల షెడ్డు చప్పుడు ఆగింది. తర్వాత ఆమె చెవుల్లో హోరు ఆగింది. తాడు బద్ధకంగా కదిలి, వాలు తగ్గించుకుంటూ, కూలబడిన మనిషి గోడ పట్టుకుని లేచినట్టు లేవసాగింది. ఎర్ర బెలూను గుట్ట నడుము దాటింది. భుజం దాటింది. పొదల వెనక ఒక్క క్షణం తటపటాయించి, ఒక్కసారిగా వాటి మీదికి వచ్చేసింది.

గుట్ట అవతలి నుంచి కేక వినబడింది. ఒక గొంతు కాదు, కాలనీ మొత్తం. మైకు మాస్టారి గొంతు అన్నింటి మీదా తేలింది గానీ మాటలు తెలియడం లేదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

డాక్టరమ్మ చక్రం వదిలింది. అరచేతుల్లో పిడి అచ్చు ఎర్రగా పడింది. "చూశావా అన్నయ్యా!"

అన్నయ్య బెలూను వంక చూడనే లేదు. తల వంచుకుని ఉన్నాడు.

ఫోన్ మోగింది. అత్తయ్య.

"అమ్మాయ్! కనబడుతోందే! ఎర్రగా, గుట్ట మీద, టమాటా పెట్టినట్టు! కింద వీధిలో ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంటున్నారు. ఆ మాస్టారైతే మైకు వదిలేసి గంతులేస్తున్నాడు!"

"నిజంగా కనబడుతోందా అత్తయ్యా? బాల్కనీలోంచే చూస్తున్నారా?"

"బాల్కనీలోంచే చూశాను. ఆ మహానుభావుడికి ఇంకో కప్పు టీ పెడదామని ఇప్పుడే వంటింట్లోకి వచ్చాను." ఆవిడ ఆగింది. గిన్నె చప్పుడు. "అవునే, మీ అన్నయ్య బెలూన్లు ఎన్ని తెచ్చాడు?"

"ఒక్కటే. ఏం?"

"మరి ఈ పసుపుపచ్చదేమిటి? మన వంటింటి కిటికీకి ఎదురుగా, పాత బస్సు డిపోలోంచి లేస్తోంది. ఇదీ తాడుతోనే ఉంది. ఇంత దగ్గరగా ఉందేమిటే, చెయ్యి చాపితే అందేలా ఉంది! అందరూ గుట్ట వైపు చూస్తున్నారు, ఇటు ఒక్కడూ చూడటం లేదు. చూడమని అరవనా?"

డాక్టరమ్మ ఫోన్ చెవి నుంచి దింపి అన్నయ్య వైపు తిరిగింది. అతను అప్పటికే లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు విప్పచ్చు నోరు," అన్నాడు. "ఎగిరాక ఇంక రహస్యమేముంది? మొదటి స్థలం కుదరకపోతే అదే రోజు రెండో స్థలం పరీక్షించచ్చు. ఆఫీసు మూసేలోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అది పాసైనట్టే, రేపు ఓటింగు దాని మీదే. క్వారీకి రోడ్డు వెయ్యాలి, నీళ్ళు తేవాలి. డిపోకి అన్నీ ఉన్నాయి. చైర్మన్ కన్ను మొదట్నుంచీ దాని మీదే. క్వారీ వద్దని నీ నోటితో అనిపించడానికే ఈ బెలూను."

"అయితే డిపోకీ వద్దంటాను! నా ఓటు..."

"డిపో గోడ ఎవరి ఇంటి గోడకి ఆనుకుని ఉంది?"

సభా మందిరం బయట బెంచీ కళ్ళ ముందు కదిలింది. ఇంటి పక్క సంగతి. లేచి వెళ్ళిపోవాల్సిందే. ముగ్గురికి ముగ్గురు, సరిసమానం. అప్పుడు ఓటు చైర్మన్‌ది.

"గుట్ట అవతల ఉంటే పొగ సగమే వచ్చేది," అన్నాడు అన్నయ్య. "కాలనీ మధ్యలో కన్నా అది నయం కదే. ఆ సగం కోసమే అబద్ధమాడాను."

ఫోన్‌లో అత్తయ్య గొంతు ఇంకా "అరవనా, వద్దా?" అంటూనే ఉంది. అంతలో ఆ గొంతు దూరమైంది. వంటింటి గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు. ఎవరో ఎంతో మర్యాదగా "ఒక్కసారి ఇలా ఇవ్వండి పెద్దమ్మగారూ" అనడం వినబడింది.

"డాక్టర్ గారూ," అన్నాడు చైర్మన్. ఆ గొంతులో టీ వెచ్చదనం అలాగే ఉంది. "మీ కాలనీ ఆనందం చూస్తుంటే నాకే కళ్ళు చెమరుస్తున్నాయి. మీరు మాట మీద నిలబడే మనిషని నాకు ముందే తెలుసు. బాల్కనీలోకి వచ్చాను, గుమాస్తా ఇక్కడే ఉన్నాడు, స్పీకరు పెడుతున్నాను. కింద జనం కూడా వింటారు. ఒక్క ముక్క చెప్పండమ్మా. బెలూను కనబడిందని రాసుకోమంటారా, కనబడలేదనా?"

గుట్ట మీద ఎర్ర బెలూను నిటారుగా, ఇసుమంతైనా కదలకుండా నిలబడి ఉంది.

ఫోన్ అవతల వీధంతా నిశ్శబ్దమైంది. ఎక్కడో ఒక పిల్ల దగ్గింది.

డాక్టరమ్మ నోరు తెరిచింది.